పై వాటాలో కంప్యూటర్

నలభై ఆరేళ్లొచ్చినా ఆ ఇంట్లో అతను చిన్నోడే. ఆఫీసులో పదిమందికి పైఅధికారి అయినా, పై వాటాలోంచి అన్నయ్య కేకేస్తే మెట్లెక్కాల్సిందే. ఆ ఆదివారం పొద్దుటి నుంచి పదకొండుసార్లు ఎక్కి దిగాడు. కింద తన కంప్యూటర్లో ఉన్న ఫోటోల ఫోల్డర్ పైన అన్నయ్య కంప్యూటర్లో కనిపిస్తోంది గానీ, తెరవబోతే అనుమతి లేదంటోంది.

"ఇంత చదువు చదివి ఒక్క ఫోల్డర్ తెరవలేవట్రా?" అన్నాడు అన్నయ్య, పదకొండోసారి ఎక్కినప్పుడు.

చిన్నోడికి ఒళ్లు మండింది. కిందికొచ్చి, ఆ ఒక్క ఫోల్డరే కాదు, మొత్తం డ్రైవునే అందరికీ సర్వహక్కులతో తెరిచిపారేశాడు. పైన ఫోటోలు వచ్చేశాయి. హమ్మయ్య అనుకున్నాడు.

కాసేపటికి మెట్ల మీంచి అన్నయ్య గొంతు వినబడింది.

"ఒరేయ్, ఈ బదిలీ అర్జీ ఏంట్రా? మమ్మల్నొదిలి ఎక్కడికి పోతావు? తీసిపారేశాలే!"

రెండు నెలలుగా ఎవరికీ తెలియకుండా దిద్దుకుంటూ వచ్చిన అర్జీ అది. చిన్నోడు రీసైకిల్ బిన్ తెరిచాడు. వేరే కంప్యూటర్ నుంచి చెరిపేసింది అందులోకి రాదని అతనికి తెలుసు. అయినా వెతికాడు.

"చిన్నోడా, ఎలాగూ ఖాళీగానే ఉన్నావుగా, కింద నీ ప్రింటర్ కూడా నా కంప్యూటర్‌కి కలిపెయ్యరా!"

"వస్తున్నా అన్నయ్యా," అంటూ పన్నెండోసారి మెట్లెక్కాడు.