పిట్ట ముట్టని పుంటికూర

మా బిడ్డకు సీటు వచ్చింది! తిండీ నీళ్లూ రేపటి తరాలకు చెడకుండా ఎలా మిగలాలో పరిశోధించే విశ్వవిద్యాలయ కేంద్రంలో, జీవితమంతా పవర్‌లూమ్ ముందు నిలబడ్డ నాలాంటివాడి బిడ్డకు సీటు! మోకాలి మీద కాగితం పెట్టి రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే మన్నించండి. అయితే ఈ మాట అందరికంటే ముందు వినవలసిన మా పక్కింటి వదిన పోయిన నెల కరోనాతో కన్నుమూసింది.

సొంత వదిన కాదు. ఊరు వదిలి మగ్గాల పనికి వలస వచ్చిన ఈ డిండోలీలో ఆమెకూ మాకూ మధ్య ఒకటే గోడ. భర్త పోయాక ఇంట్లో కూర్చుని చీరలకు రాళ్లు అతికించి బతికేది. పిల్లలు లేరు. మా బిడ్డే ఆమె బిడ్డ.

ఇళ్ల వెనక రంగుల మిల్లుల నీళ్లు పారే ఖాడీ కాలువ గట్టున, ఊరి నుంచి తెచ్చిన విత్తనాలతో పుంటికూర, అదే గోంగూర, పెంచేది. "చూడు మరిదీ, మన ఊర్లె గూడ గింత ఎర్రగ రాలె!" అని మురిసేది. మేమూ మురిసి తిన్నాం. పుంటికూర కాడ ఎరుపే కదా, నీళ్ల ఎరుపు ఎవరికి అనుమానం వస్తుంది?

కాలేజీలో మా బిడ్డ ఆ నీళ్లు పరీక్ష చేయించింది.

"పెద్దమ్మా, ఆ నీళ్లల్ల విషముంది. ఆ కూర తినొద్దు."

"ఏందే పిల్లా, నీ సదువు నా కూరకే ఎసరు పెట్టిందా?"

వాడకట్టంతా నవ్వింది. తెల్లారేసరికి మడి మొత్తం వదినే పీకేసింది. పీకి ఏం చేసింది? మిల్లువాళ్లు పారేసిన నీలం డ్రమ్ములు తెచ్చి, వాటిలో విత్తింది!

"అవి రంగు డ్రమ్ములు పెద్దమ్మా!" అని మా బిడ్డ తల పట్టుకుంది.

"ముందుగాల చెప్పొద్దా? కడుపుల పడ్డంక చెప్తె ఏం ఫాయిదా?"

ఏ విషయానికైనా ఆమె అనే మాట అదే. చివరికి బియ్యం సంచుల్లో మట్టి నింపి డాబా ఎక్కించింది. బియ్యం కడిగిన నీళ్లు పోసింది. ఈసారి కాడలు పలచటి ఎరుపుతో వచ్చాయి. వాటినీ ముద్దుగానే చూసుకుంది.

లాక్‌డౌన్‌లో లూములు ఆగాయి. రైళ్లు వేశాక ఉధ్నా స్టేషన్ నుంచి సగం వాడ ఊళ్లకు వెళ్లిపోయింది.

"నువ్వు గూడ పోరాదు వదినా," అన్నాను.

"ఇత్తులు పోసిన. మొలకలను ఎవనికి అప్పజెప్పి పోవాలె?"

ఆ నెలల్లో మా పప్పులోకి కూర ఆమెదే. గిన్నె గడప ముందు పెట్టి, దూరం జరిగి కేకేసేది. మా బిడ్డ చదువు మానేసి పనికి పోతానంటే కోప్పడింది: "నోరు ముయ్యి! సీటు వచ్చిన్నాడు ముందుగాల నాకే చెప్పాలె. మీ బాపుకు గూడ ఎనకనే."

మరుసటి ఏడు ఆమెకు ఊపిరి అందలేదు. ఆసుపత్రి నుంచి ఫోనులో అన్న ఆఖరి మాట, "సంచులల్ల నీళ్లు పొయ్యిండ్రి." ముఖం చూడనివ్వలేదు. గేటు బయట నిలబడి, బండిలోకి ఎక్కించిన తెల్ల మూటకు దండం పెట్టాను.

మూడోనాడు, పోయినవాళ్లు కాకి రూపంలో వచ్చి తింటారని, డాబా మీద పిట్టకు పెట్టాం. ఆమె సంచుల్లోని పుంటికూరే వండాం. కాకులు వచ్చాయి, చూశాయి, ఒక్కటీ ముట్టలేదు. "ఏదో కోరిక మిగిలింది," అంది నా భార్య. "పిల్లను చదివిస్తం వదినా," అని చేతులు జోడించాను. అయినా ముట్టలేదు. పొద్దు వాలాక ఆ అన్నం ఆవుకు పెట్టి కిందికి దిగాం.

ఈ పొద్దున సీటు కబురు రాగానే నేను ఫోను తీశాను. మా బిడ్డ నా చేయి పట్టుకుంది. "ముందు పెద్దమ్మకు, బాపూ."

పుంటికూర కోసి తనే వండింది. డాబా మీద ఆకు పరిచి పెట్టి, ఎదురింటివాళ్లు తలెత్తి చూసేంత గట్టిగా చెప్పింది: "పెద్దమ్మా, సీటు వచ్చింది!"

మెట్ల మీద కూర్చుని ఇది రాస్తున్నాను. సిరిసిల్లలో మా అక్కకు చెప్పాలి. జగిత్యాలలో బామ్మర్దికి, కామారెడ్డిలో మేనత్తకు, అమ్రోలిలో చిన్నాన్న కొడుకుకు చెప్పాలి. ఎవరికీ ఇంకా ఫోను చేయలేదు. నీళ్ల ట్యాంకు అంచున ఒక కాకి వాలి, మెడ వంచి ఆకు వైపు చూస్తోంది.