ఆరుద్ర పురుగు కోటు

మా మేనత్త పోయిన కబురు తమ్ముడికి నేనే ఫోనులో చెప్పాను. వాడు, "అక్కా, ఆడ వాన పడిందా?" అన్నాడు. నిన్న పడిందన్నాను. ఆ ప్రశ్న ఎందుకో మా ఇంట్లోవాళ్లకే తెలుసు. మీకూ చెప్పాలనిపించింది.

అమ్మ చనిపోయాక మమ్మల్ని పెంచింది అత్తే. గుంతకల్లులో మా చర్చి వరండాలో ఆదివారం పిల్లలకు పాఠం చెప్పేది. పుస్తకం తెరిచేముందు కొంగుముడి విప్పేది. అందులో ఒక వేరుశనక్కాయో, పిట్ట ఈకో ఉండేది. తొలివాన పడితే మాత్రం ఆరుద్ర పురుగే. ఎర్రగా, మెత్తగా అది అరచేతిలో పాకుతుంటే పిల్లలంతా మీదపడేవాళ్లు.

"దీనికి మఖమల్ కోటు ఎవురు కుట్టినారప్పా?"

"దేవుడు!"

"నిన్న లేదు గదా? ఈపొద్దే చేసి, వానతో పంపినాడు."

తొంభైల చివర్లో, అప్పుడే బడిలో జీవశాస్త్రం చెప్పడానికి చేరిన తమ్ముడు వెనక నిలబడి విన్నాడు. ఉండబట్టలేకపోయాడు.

"అత్తా, అది ఏడాదంతా భూమిలోనే ఉంటాది. ఎవురూ చేయలే. కోట్ల ఏండ్లు మారుకుంటా మారుకుంటా ఇట్లయింది."

పిల్లలు నవ్వారు. సంఘపెద్ద నవ్వలేదు. "ఇంగ ఈ గడప తొక్కొద్దు" అన్నాడు. తమ్ముడు చెప్పులు వేసుకోబోయాడు. అవి తొడుక్కుంటే వాడిక మా ఇంటికి కూడా రాడని నాకు భయం వేసింది.

అత్త లేచింది. "వాడు అనింది నన్ను గదన్నా. జవాబు నేను చెప్పుకుంటా. నువ్వు పోయి గంట కొట్టుకోపో."

మరుసటి ఆదివారం తమ్ముణ్ని పక్కన నిలబెట్టుకుని పిల్లలతో, "నేను చెప్పింది తప్పంట. ఈ పురుగు భూమిలోనే ఉంటాదంట. ఈ సారు చెప్పినాడు" అని, వాడివైపు తిరిగింది. "దాగుండేచోటు చెప్పినావు అల్లుడా, సరే. కోటు సంగతి తేలలే."

అది తేలలేదు. ఏటా తొలివానకు వాడు అనంతపురం నుంచి వచ్చేవాడు. ఎరుపు చూసి పక్షులు ముట్టవని, తింటే చేదని వాడు వివరించేవాడు.

"చేదని తెలిసేట్లు రంగేసినాడంటే ఎంత తెలివప్పా ఆయనకి!"

"నీతో గెలవలేం అత్తా."

"గెలిచేదేముండాది, సంగటి తిను."

ఇంత ఎండిన నేలలో ఇంత ముద్దొచ్చేది ఊరికే పుట్టదని ఆమె నమ్మకం. ఆమెకు అంతకన్నా రుజువు అక్కర్లేదు. వాడికి అది చాలదు. సాయంత్రం మేం మోకరిస్తే వాడు కుర్చీలో ఉండేవాడు. నేను గుర్రుగా చూస్తే, "కూసోనీలేమ్మా, ఆయనకి ఆడ కూడా అగపడతాడు" అనేది అత్త. వాడు మారాలని నేను ప్రార్థించేదాన్ని. అత్త అలా అడగడం నేనెప్పుడూ వినలేదు. వాన పడాలని, వాడు రావాలని అడిగేది.

సమాధి దగ్గర ప్రార్థనప్పుడు కూడా తమ్ముడు తల వంచలేదు. అందరూ కదిలాక, తడిసిన ఎర్రమట్టి అంచున ఏదో చూసి ఆగాడు. పాంటు మాసిపోతుందని కూడా చూసుకోకుండా రెండు మోకాళ్లూ నేలకు ఆనించి, అరచెయ్యి పరిచాడు. ఆ ఎర్రటి పురుగు చేతిమీదికి ఎక్కేదాకా అట్లాగే ఉన్నాడు.