కడిగిన గురిగి

అలియాబాద్‌లో తారాబాయి గురించి ఎవరినడిగినా ముందు ఆమె నోటి గురించే చెబుతారు. ఆమె చేతి గురించి చెప్పగలిగినవాళ్లు ఇప్పుడు పదిమంది కూడా లేరు. ఒకప్పుడు ఆ చేతికి ఎంత పని ఉండేదంటే, శామీర్‌పేట అవతలి నుంచి కూడా గిట్ట పగిలిన బర్రెలను నడిపించుకుంటూ వచ్చేవాళ్లు. కాడి రాసుకుని మెడ పుండుపడ్డ ఎడ్లు, ముళ్లకంప గీరుకున్న పొదుగులు, కుక్క కరిచిన మేకలు, అన్నీ ఆ వాకిట్లోకే. తారాబాయి కొట్టంలోకి పోయి, గోడ గూట్లోంచి ఒక చిన్న మట్టి గురిగి తీసి, మూతికి కట్టిన గుడ్డ విప్పి, నాలుగు వేళ్లతో మందు తీసి పట్టించేది. పట్టించేటప్పుడు బర్రెతో ముద్దుగా మాట్లాడేది. తోలుకొచ్చిన మనిషిని మాత్రం, ఇన్నాళ్లూ కళ్లెక్కడ పెట్టుకున్నావని కడిగేసేది. మూడో పట్టుకు పుండు ఎండేది. ఎండనివీ ఉండేవి. వాటి సంగతి తారాబాయి ఎత్తదు.

మందు ఆమె కనిపెట్టింది కాదు, అత్త బాలమణిది. పుట్టమన్ను, వేపాకు, కాస్త పసుపు, పలచటి మజ్జిగ, ఇంతవరకు ఎవరైనా చెబుతారు. అసలు పని అడుగున మిగిలే పాత మందుది. పాలకు తోడేసినట్టు, కొత్తదాంట్లో పాతది కలవాలి. అందుకని గురిగిని ఎన్నడూ ఖాళీ చేయకూడదు, ఎన్నడూ కడగకూడదు. ఏటా మృగశిర కార్తెలో తొలివాన పడ్డాక, పొరుగింటి ఇబ్రహీం చేను గట్టు మీది పుట్ట దగ్గరికి పోవాలి. పైపెచ్చు తీసేసి, నడుములోంచి గుప్పెడు మన్ను తెచ్చి, కలిపి, గుడ్డ కట్టి గూట్లో పెట్టాలి. పదిహేను రోజులకు పైన బూడిద చల్లినట్టు తెల్లటి నూగు కడుతుంది. అప్పుడు విప్పి వాసన చూడాలి. ఎండిన నేల మీద తొలిచినుకులు పడ్డప్పుడు ఏ వాసన లేస్తుందో, అదే రావాలి.

"వాన వాసన రాకపోతే అది మందు గాదే పిల్లా, ఉత్త మన్ను," అనేది బాలమణి. కొత్త కోడలిగా వచ్చిన తారాబాయి గురిగిలో ముక్కు పెట్టి, అత్త మొహం చూసి, మళ్లీ ముక్కు పెట్టి, "వచ్చింది అత్తా," అంటే, "నాకు జెప్పుడెందుకు, బర్రెకు జెప్పు పో," అనేది ఆ ముసలమ్మ. మంచి మాట నోట్లోంచి ఊడిపడితే పళ్లు రాలతాయన్నట్టు ఉండేది ఆమె వరస. ఆ వరసే కోడలికీ వచ్చింది, గురిగితో పాటు.

ఆ రోజులు తలుచుకుంటే తారాబాయికి ముందు చప్పుడు వినిపిస్తుంది, తరువాత మనుషులు కనిపిస్తారు. తెల్లవారకముందే ఇరవై రెండు బర్రెల మెడ గంటలు, ఖాళీ పాల క్యాన్లు ఒకదానికొకటి కొట్టుకోవడం, సికింద్రాబాద్ బస్సు టాపు మీదికి వాటిని ఎక్కించేటప్పుడు కండక్టర్ అరుపులు. పాలు పోసి వచ్చాక కుండలను బూడిదతో, కొబ్బరి పీచుతో తోమి, పిడకల నిప్పుల మీద బోర్లించి కాల్చడం. పాల ఇంట్లో అది దేవుడి పూజ కంటే గట్టి నియమం. బోర్లించిన కుండ కింద నుంచి వచ్చే ఆ పొగ వాసన చీర కొంగుకు పట్టి సాయంత్రం దాకా పోయేది కాదు. ఇప్పుడు ఒక్క బర్రె మిగిలింది. మేత బీళ్లన్నీ ప్లాట్లయ్యాయి. ఇబ్రహీం చేను, దాని గట్టు, గట్టు మీది పుట్ట, అన్నీ కలిసి ఒక వెంచర్ అయిపోయాయి. దాని గేటుకు రెండు సిమెంటు ఏనుగులు కూడా ఉన్నాయి. పుట్ట పోయినా తారాబాయి గురిగిని వదలలేదు. ఎక్కడో చెరువు వెనక ఇంకో పుట్ట వెతుక్కుని, ఏటా మృగశిరకు గుప్పెడు మన్ను కలుపుతూనే ఉంది. ఎవరి కోసం అని అడిగితే, "నీ కోసమైతే గాదు," అనేది.

ఆమె మనసులో ముల్లు ఒకటి ఉంది. ఇరవై ఏళ్ల కిందట దూడకు సూది వేయడానికి వచ్చిన పశువుల డాక్టరు, గూట్లో గురిగి చూసి, కింద పెట్టించి, గుడ్డ ఎత్తి, నూగు చూసి, "ఛీ, ఈ మురికి పశువులకు పూస్తున్నారా!" అని అందరి ముందూ దాన్ని చెప్పుకాలితో పక్కకు జరిపాడు. గురిగి పగల్లేదు. తారాబాయి ఆనాడు ఒక్క మాట కూడా అనలేకపోయింది. జీవితంలో ఆమె నోరు పనిచేయని రోజు అదొక్కటే.

అలాంటి గురిగిని అడుగుతూ తృప్తి వచ్చింది. తృప్తి ఆ ఊరి మల్లేశం మనవరాలే, తుర్కపల్లి వైపు ఒక ప్రయోగశాలలో పనిచేస్తుంది. చిన్నప్పుడు తాత వెంట వచ్చి గురిగి వాసన చూసిన పిల్ల.

"అవ్వా, గా వాన వాసన మందు ఇంక ఉన్నదా?"

"ఉండక యాడికి పోతది? నీ లెక్క స్కూటీ ఎక్కి తిరుగుతదా?"

తృప్తి నవ్వి, అరుగు మీద కూర్చుని, సంగతి చెప్పింది. మనుషుల పుండ్లకు, జ్వరాలకు ఇచ్చే మందులకు ఇప్పుడు క్రిములు అలవాటు పడిపోయాయట. కొత్త మందులు కావాలి. వాటి కోసం వాళ్లు ఆకుల్లో, బెరళ్లలో, ముఖ్యంగా మట్టిలో వెతుకుతున్నారు.

"టీబీ సూదిమందు ఫస్ట్ మట్టిలకెళ్లే దొరికింది అవ్వా. మట్టిల కండ్లకు కనబడని జీవాలుంటయ్. వాటిల్ల ఒక జాతికే ఆ వాన వాసన. మనం వాడే మందులు మస్తు ఆ జాతి ఇచ్చినయే. నీ గురిగిల ఉన్నది ఆ జాతిదేమో చూడాలె."

తారాబాయి కొట్టం గూటి వైపు చూసింది. తరువాత మెల్లగా అడిగింది. "అంటే మా అత్త చేసింది మురికి గాదన్నట్టా?"

"చూస్తేనే గదా తెలిసేది. వందలు చూస్తే ఒకటి పనికొస్తదో రాదో. ఎల్లుండి మా పద్మజ మేడంను తీస్కొస్త. గురిగి అట్లనే ఉంచు."

అట్లనే ఉంచు అన్న మాట తృప్తి చెప్పింది. తారాబాయి విన్నది కూడా. కానీ ఆ రెండు రోజులు ఆమె కళ్ల ముందు మెదిలింది ఒక్కటే, చెప్పుకాలు. పెద్ద మేడం వస్తుంది, గుడ్డ ఎత్తుతుంది, నూగు చూస్తుంది, ముక్కు మూసుకుంటుంది. పాలమ్మిన ఇంటికి వచ్చి మళ్లీ ఒకరు ఛీ అనడమా? మందు చేయడం ఎలాగూ తనకు వచ్చు కదా, కొత్తగా కలిపి పెడితే ఏం పోయింది? మొదటిరోజే పొద్దున్నే పాతదంతా గీకి పెంటకుప్ప మీద పారేసింది. గురిగిని బూడిదతో తోమింది, మరుగుతున్న నీళ్లు పోసి కడిగింది, పిడకల నిప్పుల మీద బోర్లించి పాల కుండను కాల్చినట్టే కాల్చింది. లేత వేపాకు నూరి, పసుపు వేసి, మేలైన మన్ను జల్లెడ పట్టి కలిపి, ఉతికిన గుడ్డ కట్టింది. చేసినంతసేపూ చేతులకు ఏదో తప్పు జరుగుతున్నట్టు అనిపిస్తూనే ఉంది. కానీ శుభ్రం చేస్తుంటే తప్పెలా అవుతుందని, చేతులనే గదమాయించింది.

పద్మజ మేడం ముక్కు మూసుకోలేదు. చేతులకు తొడుగులు వేసుకుని, గురిగిని రెండు చేతులతో పట్టుకుని, వాసన చూసి తృప్తికి అందించింది. తృప్తి వాసన చూసింది. ఆ పిల్ల మొహం తారాబాయి చూసింది.

"అవ్వా, వేపాకు వాసనే వస్తాంది. వాన వాసన ఏది?"

తారాబాయి గురిగి లాక్కుని తనే ముక్కు పెట్టింది. ఉత్త మన్ను. అత్త గొంతు చెవి పక్కనే వినిపించినట్టయింది.

"కడిగిన," అంది.

"కడిగినవా? ఉడుకు నీళ్లతోనా?"

"కాల్చిన గూడ."

ఇంకెవరైనా అయితే తృప్తి కోపం చేసుకునేదేమో. పెంటకుప్ప మీద చూశారు కానీ, దాన్ని ముందురోజే ట్రాక్టర్ ఎత్తుకుపోయింది. మేడం పరవాలేదమ్మా అని వెళ్లిపోయింది. ఆ పరవాలేదు ఛీ కంటే లోతుగా దిగింది. అత్త చేతిలోంచి తన చేతిలోకి వచ్చి, యాభై ఏళ్లు ఒక్క మృగశిర కూడా తప్పని మందు, అదేంటో తేలే రోజున తన చేతులతోనే పోయింది.

వెళ్లబోతూ తృప్తి అడిగింది. "ఇంకెవరి దగ్గరన్న ఉన్నదా అవ్వా? ఎవరికన్న పంచినవా?"

ఉంది. గురిగిలో వాన వాసన రాని ఆ క్షణం నుంచీ తారాబాయికి తెలుసు. కౌకూర్‌లో కుల్సుమ్ దగ్గర ఉంది. ఆ పేరు తృప్తికి చెప్పడానికి మాత్రం తెల్లారేదాకా పట్టింది.

కుల్సుమ్ అంటే ఇబ్రహీం భార్య. ముప్పై ఏళ్లు ఒకే గోడకు అటూ ఇటూ బతికారు. ఆమె అత్త జైనబ్ దగ్గర కూడా ఒక జాడీలో ఇదే మందు ఉండేది, బాలమణి పంచి ఇచ్చిందనే తారాబాయి నమ్మకం. జైనబ్ పోయిన కొత్తలో, పశువుల అంగట్లో ఎవరో అడిగితే కుల్సుమ్, "గిది మా అత్తమ్మ మందు," అంది. తారాబాయి అంగడి నడుమ నిలబడి, చచ్చిపోయిన మనిషిని దొంగ అంది. ఆనాటి నుంచి మాటల్లేవు. చేను అమ్ముకుని వాళ్లు కౌకూర్ పోయారు.

మరునాడు తారాబాయి ఖాళీ చేసిన గురిగిని కొంగులో చుట్టుకుని, తృప్తి స్కూటీ వెనక పక్కకు తిరిగి కూర్చుంది. హకీంపేట దాటారు. బొల్లారంలో, "గీడ జర ఆపు," అని దిగి, మంచినీళ్లు తాగి, అవసరానికి మించి నోరు కడుక్కుంది.

కుల్సుమ్ రేకుల పందిరి కింద మేకలకు ఆకు కడుతోంది. తలెత్తి చూసి, కాసేపు గుర్తుపట్టనట్టు నటించింది.

"ఎవరు గావాలె?"

"నేనే. తారాబాయిని."

"ఏ తారాబాయి? నాకు ఎర్కున్న తారాబాయికి కౌకూర్ తొవ్వ తెల్వదు."

"తెల్సు. నీ పెనిమిటి పోయిన్నాడు బొల్లారం దాకా వచ్చిన. దిగిన. మర్ల బస్సెక్కిన."

కుల్సుమ్ చేతిలోని ఆకు కట్ట మేక లాక్కుపోయింది. "మాలుం. ఎవరో చూసి జెప్పిన్రు," అంది. "కూసో. ఎందుకొచ్చినవ్?"

తారాబాయి కూర్చోలేదు. కొంగు విప్పి గురిగి చూపించింది. బోర్లించిన చోట నల్లటి వలయం, మిగతా అంతా కొత్త కుండలా నిగనిగ. కుల్సుమ్ దాన్ని తిప్పి చూసి, వేలితో కొట్టి చూసి, కళ్లు పెద్దవి చేసింది.

"యా అల్లా! కడిగినవానే?"

"కడిగిన."

"మీ అత్త ఉంటే నిన్ను గా నిప్పుల మీదనే బోర్లించేది!"

అని కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని లోపలికి పోయి, ఒక పింగాణీ జాడీ తెచ్చింది. గుడ్డ విప్పగానే పందిరి కింద, ఆ మేకల వాసన నడుమనే, తొలివాన లేచింది. తృప్తి జాడీ మీదికి వంగింది. తారాబాయి మొహం పక్కకు తిప్పుకుంది.

తృప్తి చిన్న సీసాలో నమూనా తీసుకుని, దాని మీద అతికించే కాగితం చేతపట్టుకుని అడిగింది. "ఎవరి మందని రాయాలె?"

ఇద్దరు ముసలమ్మలూ ఒకరినొకరు చూసుకున్నారు. కుల్సుమ్ నెమ్మదిగా అంది. "తారా, అంగట్ల నేను అబద్ధం జెప్పలే. తోడేసుడు మీ అత్తది. పాలోళ్ల ఇంట్ల తప్ప గసోంటి ఉపాయం యాడ పుడుతది? కని మన్ను మా అత్తమ్మది. బర్రెలకు రోగమొచ్చిన ఏడు ఫస్ట్ ఆమెనే పూసింది. వాన వాసన జూసుడు గూడ ఆమెదే. ఇద్దరు గల్సి చేసిన్రు."

తారాబాయి నోరు తెరిచింది, కాదనడానికే. అప్పుడు గుర్తొచ్చింది. ప్రతి మృగశిరకూ తాను మన్ను తవ్వింది ఎవరి గట్టు మీద? ఇబ్రహీం గట్టు మీద. గట్టు కాడ ఎదురుచూస్తూ నిలబడి, ఇద్దరు కోడళ్లకూ గుప్పెడు గుప్పెడు పంచింది ఎవరు? జైనబ్. నడుము మన్నే తీయండని కసిరింది కూడా ఆమే. కళ్లముందు అంత ఉన్నా తాను ఒక్కనాడూ చూడలేదు.

"రాయి బిడ్డా," అంది తృప్తితో. "జైనబ్, బాలమణి. జైనబ్ పేరు ముందు పెట్టు. పుట్ట వాళ్లది."

"మరి నీ పేరు అవ్వా?"

"నాదెందుకు? కడిగినామె అని రాస్తవా?"

కుల్సుమ్ కాగితం మీది ఆ పేర్ల వైపు చూస్తూ ఉండిపోయింది. తరువాత చెంచాతో జాడీలోంచి తీసి, గురిగిలో సగం దాకా నింపి, తన పాత ఓణీ అంచు చింపి మూతికి కట్టింది.

ఆ సీసాలో ఏముందో తేలడానికి ఏళ్లు పట్టొచ్చని, ఏమీ తేలకపోవచ్చని కూడా తృప్తి చెప్పింది. తారాబాయి సరేనంది. యాభై ఏళ్లు ఆగినదానికి ఇంకొన్ని ఏళ్లు లెక్కా? ఇంటికొచ్చి చెరువు వెనక మన్ను కలిపి గూట్లో పెట్టింది. పదిహేనోనాడు గుడ్డ విప్పి ముక్కు పెట్టి, తన కోడలి ఫోను అడిగి తీసుకుంది.

"వచ్చిందే కుల్సుమ్."

"ఏందొచ్చింది?"

"వాసన."

"మంచిగైంది," అంది కుల్సుమ్ అటు నుంచి. "ఇగ జల్దీ కడుగు."