పాకం వాసన

మొన్న చిలకలూరిపేట దాటాక కారులోకి తియ్యటి వాసన వచ్చింది. వెంటనే పక్కకు ఆపేశాను.

నాన్న అద్దెకారు నడిపేవాడు. నాకు ఏడేళ్లప్పుడు ఒకరోజు ఆ కారులో ఇదే వాసన. "నాన్నా, ఎవరో బెల్లం పాకం కాస్తున్నారు!" అని అరిచాను. నాన్న గబుక్కున ఆపాడు. అరిసెలు కొనడానికే అనుకున్నాను. బానెట్ ఎత్తితే గుప్పున ఆవిరి. ఇంజన్‌ని చల్లబరిచే కూలెంట్ కారిపోతోంది, ఆ తియ్యటి వాసన దానిదే.

"ఇంకాస్త పోతే ఇంజన్ పట్టేసేదమ్మా. నీ ముక్కు బంగారం కాను!" అన్నాడు.

అరిసెలేవని నేను ఏడుపు. మా ఇంటి తిండి ఆ కారు మీదేనని నాకేం తెలుసు? ఇంజన్ చల్లారేదాకా ఎండుమిరప కల్లాల వెంట నన్నెత్తుకుని తిప్పుతూనే ఉన్నాడు.

మొన్న రోడ్డు పక్కన నిలబడి, ఫోన్ తీసి నాన్న నంబరు నొక్కబోయాను. ఆయన పోయి మూడేళ్లయింది.