ఓడిపోతే బావ వస్తాడని

మంగళవారం మధ్యాహ్నం రెండున్నరకి జగిత్యాలలో హైదరాబాద్ బస్సెక్కాను. అక్క బస్టాండుకి వచ్చి మామిడికాయ తొక్కు డబ్బా నా ఒళ్ళో పెట్టింది. మూత చుట్టూ ప్లాస్టరు అంటించి, దాని మీద రెండు కవర్లు కట్టింది.

"తొక్కు ఇచ్చి వచ్చుడు కాదు తమ్మీ. సోమారం ఆయనను ఎంటబెట్టుకొని రా," అంది.

మా ఊరివాళ్ళ దృష్టిలో నేను దుబాయ్ పోతున్నాను. నిజానికి పోతున్నది ఖతార్‌లోని దోహాకి. మా బావ రాజేశం అక్కడ ఒక క్లబ్బు బాస్కెట్‌బాల్ జట్టుకి స్టోర్ మనిషి. జీతాలిచ్చి ఆడించే పెద్ద జట్టు. ఆటగాళ్ళ బనీన్లు ఉతకడం, బంతుల్లో గాలి చూడటం, ఆట జరుగుతుంటే బెంచీ చివర కూర్చుని తువ్వాళ్ళు అందించడం ఆయన డ్యూటీ. ఇంటికి వచ్చి మూడేళ్ళు దాటింది. సీజన్‌లో చివరి ఆట అయ్యాకే సెలవని మేనేజర్ మాట. అప్పట్లో ఆ దేశం దాటాలంటే మేనేజర్ సంతకం పెట్టిన ఎగ్జిట్ కాగితం కావాలి.

శుక్రవారం సెమీఫైనల్. ఓడితే సీజన్ ముగిసినట్టే. సోమవారం బావా నేనూ ఒకే విమానంలో రావాలని టికెట్లు కూడా కొనేశాం. గెలిస్తే ఫైనల్, దాని తర్వాత గల్ఫ్ క్లబ్బుల పోటీ, ఆ పైన సెలవు సంగతి దేవుడికే తెలియాలి. నేను ఇరవై ఏళ్ళుగా బడిపిల్లలకి బాస్కెట్‌బాల్ నేర్పుతున్న డ్రిల్లు మాస్టార్ని. ఒక జట్టు ఓడిపోవాలని కోరుకుంటూ అంత దూరం పోవడం నాకే సిగ్గుగా ఉంది. అయినా పోయాను.

ఆ రాత్రి సికింద్రాబాద్‌లో స్నేహితుడి ఇంట్లో పడుకుని, బుధవారం ఉదయం పదిన్నర విమానం ఎక్కాను. పక్క సీట్లో మెట్‌పల్లి వైపు మనిషి, లుసైల్ సైటులో టైల్స్ పని చేస్తాడట. ఏ కంపెనీ అని అడిగాడు. ఆట చూడటానికి పోతున్నానని చెబితే నా మొహం తేరిపార చూశాడు.

"ఆటకా సార్? మేము నాలుగేండ్ల సంది టవర్లు కడుతున్నం. కట్టినంక ఒక్కదాంట్లకన్న పోయి చూడలే," అని దుప్పటి కప్పుకున్నాడు.

వాచీ రెండున్నర గంటలు వెనక్కి తిప్పుకుని, ఒంటిగంటకల్లా బయటికి వచ్చాను. బావ జుట్టు సగం తెల్లబడింది. ఫోన్‌లో చూసింది వేరు, ఎదురుగా చూసింది వేరు. టాక్సీలో అబూ హమూర్‌లోని ఆయన గదికి పోయాం. ముగ్గురు ఉండే గదిలో ఒకాయన సెలవు మీద ఊరెళ్ళడంతో నాకు మంచం దొరికింది. బావ అన్నం వడ్డించుకుని, ముందు తొక్కు ఒక్కటే కలుపుకుని తిన్నాడు. 

గురువారం సాయంత్రం ఐదింటికి క్లబ్బు మినీబస్సులో ప్రాక్టీసుకి తీసుకెళ్ళాడు. వెళ్ళేవాళ్ళు స్వెటర్ పట్టుకెళ్ళండి. బయట ఎండకి చెప్పులు కాలుతుంటే, హాలు లోపల ఏసీకి పళ్ళు టకటకా కొట్టుకుంటాయి. నా కళ్ళు సెనెగల్ నుంచి వచ్చిన పొడుగాటి ఆటగాడి కోసం వెతికాయి. వారం వారం బావ ఫోన్‌లో ఆట మొత్తం చెబుతుంటే, అక్క బీడీలు చుట్టుకుంటూ విని, నాకు మళ్ళీ చెప్పేది. ఆ కబుర్లన్నింటిలో ఆయనే ఉండేవాడు. ఇక్కడ మాత్రం ఎక్కడా కనపడలేదు.

"ఏడి బావా ఆయన?"

"పంపిచ్చిన్రు. ప్లేఆఫ్స్ అనంగనే ఉన్నోన్ని పంపి పెద్ద పేరున్నోన్ని తెస్తరు. ఏటా ఇదే పని. గీ కొత్తాయనొచ్చి పదిరోజులాయె."

కొత్తాయన బంతి వేస్తే వల కూడా కదలడం లేదు. ఆ మాటే అన్నాను.

"ఏస్తడు, మంచిగనే ఏస్తడు. కని ఇక్కడి పిలగాండ్లు పొద్దంత ఆఫీసు చేసి ఆడనీకి వస్తరు తమ్మీ. ఎవనికి ఏడ బంతిస్తె పడుతదో పాతాయనకు ఎరుకే. కెప్టెన్‌కు ఎడమ మూల. ఆయన అటు చూడకుండనే ఇస్తుండె."

డ్రిల్లు మాస్టారికి అంతకన్నా చెప్పక్కర్లేదు. ఈ జట్టు ఓడుతుందని నాకు అప్పుడే నమ్మకం కుదిరింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను.

శుక్రవారం నమాజు అయ్యేదాకా హోటళ్ళు మూసే ఉంటాయి. రెండింటికి పన్నెండు రియాళ్ళ బిర్యానీ తిని, నాలుగున్నరకి హాలుకి చేరాం. ప్రవేశం ఉచితం. ఆరింటికి ఆట మొదలైంది. సగం ఆటకి మా జట్టు తొమ్మిది పాయింట్లు ముందుంది, దాదాపు అన్నీ కొత్తాయన వేసినవే. విరామం తర్వాత అవతలివాళ్ళు ఆయన మీదికి ఇద్దరిని వదిలారు. కెప్టెన్ ఎడమ మూలన చెయ్యెత్తి ఒంటరిగా నిలబడ్డాడు. కొత్తాయన అటు చూడనే లేదు. ఆరుసార్లో ఏడుసార్లో లెక్కపెట్టాను. నాలుగు నిమిషాలు మిగిలేసరికి ఆరు పాయింట్లు వెనకబడ్డారు.

అప్పుడు టైమవుట్ తీసుకున్నారు. బావ కొత్తాయనకి తువ్వాలు అందిస్తూ, అదే చేత్తో ఎడమ మూల చూపించి ఏదో అన్నాడు. ఆయన ఒకసారి అటు చూసి తలూపాడు. ఆట మొదలవగానే బంతి ఎడమ మూలకి పోయింది, మూడు పాయింట్లు. ఇంకోసారి కూడా మూడే. స్కోరు సమానమైంది. అలవాటు కొద్దీ లేచి చప్పట్లు కొట్టాను. తర్వాత అక్క గుర్తొచ్చి కూర్చున్నాను. బావ మీద చెప్పలేనంత కోపం వచ్చింది.

అవతలి కోచ్ కూడా తెలివైనవాడే. కెప్టెన్‌కి ఒక మనిషిని అడ్డం పెట్టాడు. అలాంటప్పుడు ఎవరికి ఇవ్వాలో కొత్తాయనకి తెలియదు. పాతాయన ఆరు నెలల్లో నేర్చుకున్నదంతా ఒక టైమవుట్‌లో చెప్పడం ఎవరి తరమూ కాదు. చివరి నిమిషంలో ఆయన విసిరిన బంతి, మనిషే లేని చోటికి పోయి గీత దాటింది. నాలుగు పాయింట్ల తేడాతో ఓడిపోయారు.

గదికి వచ్చాక అడిగేశాను.

"ఓడితెనే గదా బావా నువ్వు ఇంటికొచ్చేది. నువ్వే మూల చూపిస్తివి."

ఆయన తడి బనీన్లు వేరుచేస్తున్నాడు. "ఓడిపోవాలెనని ఎట్ల అనుకుంట తమ్మీ? రోజూ వాళ్ళ ఎంట ఉండెటోన్ని," అన్నాడు. ఇంకో బనీను పక్కకి వేసి, "మీ అక్కకు చెప్పకు," అన్నాడు. తర్వాత మంచం కింద నుంచి సూట్‌కేసు లాగి తుడిచాడు.

శనివారం సెలవు. ఆదివారం ఎనిమిదింటికి క్లబ్బు ఆఫీసుకి పోయాం. నిజామాబాద్ సలీం భాయ్ అక్కడ గుమస్తా. మమ్మల్ని చూడగానే కుర్చీలు జరిపి చాయ్ తెప్పించాడు. ఆ మర్యాద చూస్తేనే నాకు అనుమానం వచ్చింది.

"రాజేశం భాయ్, ఓడంగనే మన ముదీర్‌ను తీసేసిన్రు," అన్నాడు. వాళ్ళు మేనేజర్‌ని అలాగే అంటారు. "కొత్త ముదీర్ ఎండలు తగ్గినంక వస్తడు. అప్పటిదాంక సంతకం మాఫీ." మాఫీ అంటే అక్కడి మాటలో లేదని.

"కాగితం తయారుగనే ఉంది గద భాయ్?"

"ఉంది. సంతకం పెట్టెటోడే లేడు."

"కొత్తాయన ఒచ్చినంక?"

"ఒచ్చినంక ప్రాక్టీస్ షురూ. స్టోర్ మనిషిని ఇడుస్తరా, నువ్వే చెప్పు."

బావ చాయ్ మొత్తం తాగి, గ్లాసు పక్కన పెట్టి, సలీం భాయ్‌కి సలాం చెప్పి లేచాడు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది. పని తెలిసిన మనిషిని సరిగ్గా అవసరమైన రోజునే సాగనంపడం వీళ్ళకి అలవాటు. సెమీఫైనల్ అందుకే పోయింది, బావ సెలవూ అందుకే పోయింది. నేను కోరుకున్న ఓటమి నాకు దొరికింది, దానితో ఏమీ రాలేదు.

సోమవారం మధ్యాహ్నం ఎయిర్‌పోర్టు దాకా బావ వచ్చాడు. లోపలికి పోయేముందు వెనక్కి చూస్తే, గాజు తలుపుల అవతల ఇంకా నిలబడే ఉన్నాడు. విమానంలో నా పక్క సీటు ఆయనది. మంచినీళ్ళు తెచ్చినామె అది ఖాళీయేనా అని అడిగింది. అవునన్నాను.

మంగళవారం ఉదయం ఆరింటికి సికింద్రాబాద్ జేబీఎస్‌లో బస్సెక్కితే పదకొండు దాటాక జగిత్యాల. దోహా చూడదగ్గ ఊరే. సముద్రం పక్కన నడవచ్చు, ఒక్క రియాల్‌కి మంచి చాయ్ దొరుకుతుంది, మన భాష మాట్లాడేవాళ్ళు అడుగడుగునా ఉన్నారు. ఎవరినైనా అక్కడినుంచి తీసుకొద్దామని మాత్రం పోకండి.

అక్క బస్టాండులో నిలబడి ఉంది. బావ ఫోన్‌లో అంతా చెప్పేశాడు. అయినా నా వెనక ఎవరు దిగుతున్నారో చివరి మనిషి దాకా చూసింది.

"మల్లెప్పుడు మొదలైతయట ఆటలు?"

"అక్టోబర్‌ల."

"అయిపోయేది?"

"మల్ల ఏప్రిల్‌ల, అక్కా."

నా సంచి తన భుజానికి తగిలించుకుని నాలుగడుగులు నడిచి ఆగింది.

"అప్పుడు గెలిస్తెనో?"

ఆమె భుజం మీది సంచి తీసుకుని, "నడువక్కా, ఎండయితంది," అన్నాను.