నేను విడిపించబోయిన బానిసలు

లోకంలో నాటకాలు చెడిపోవడానికి చాలా దారులున్నాయి. కరెంటు పోవచ్చు. హార్మోనియం గొంతు బొంగురుపోవచ్చు. రాజుగారి మీసం ఊడి మంత్రిగారి భుజానికి అంటుకోవచ్చు. కానీ ఒక హీరో, ఎవరి సాయమూ లేకుండా, కేవలం సొంత తెలివితేటలతో, అవనిగడ్డ జనమంతా చూస్తుండగా తన నాటకాన్ని తానే కాళ్ళూ చేతులూ కట్టి పడేయడం మాత్రం అరుదు. ఆ ఘనత నాది. చెబుతాను వినండి. నవ్వొస్తే మొహమాటపడకండి. నేను బళ్ళో పాఠాలు చెప్పినవాణ్ణి, ఎదురుగా కూర్చున్నవాళ్ళు నవ్వడం నాకు అలవాటే.

తొంభైల చివర్లో సంగతి. అప్పుడు నేను బందరులో ఒక హైస్కూల్లో సోషల్ మాస్టారిని. వయసు ముప్ఫై దాటలేదు, పొగరు మాత్రం అరవై దాటింది. ఒకరోజు లైబ్రరీలో పాత పుస్తకం ఒకటి తిరగేస్తుంటే ఒళ్ళు జలదరించే విషయం కంటబడింది. కొన్ని వందల ఏళ్ళ కిందట, కరువు రోజుల్లో, ఇదే మన బందరు రేవు నుంచి మన మనుషుల్ని, ఆడవాళ్ళని, పిల్లల్ని కూడా పరదేశపు వర్తకులు కొని ఓడలకెక్కించి సముద్రాల అవతల అమ్మారట. నేను పుట్టి పెరిగిన ఊరు! కలంకారీ గురించి చెప్పారు, బందరు లడ్డు గురించి చెప్పారు, ఈ ముక్క నాకెవరూ చెప్పలేదు. ఆ రాత్రి అన్నం సయించలేదు. తెల్లారేసరికి దుఃఖం కాస్తా నాటకమై కూర్చుంది. దాని పేరు 'రేవు సింహం'.

రచన నేను. దర్శకత్వం నేను. బానిసల్ని విడిపించే మహావీరుడు రణధీరుడి వేషం కూడా నేనే. తెర లాగే పని కూడా చేసేవాణ్ణే, ఆ సమయానికి చేతిలో కత్తి ఉంటుంది కాబట్టి వదిలేశాను.

విలన్ తెల్లదొర వేషం మా నాంచారయ్యది. గిలకలదిండిలో వాళ్ళకి పడవలున్నాయి, చేపల వ్యాపారం ఉంది. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్నాం. వరస ఏమీ కలవకపోయినా ఒకరినొకరం 'బావా' అనుకునేవాళ్ళం. బానిసల వేషాలకి మా డ్రిల్లు మాస్టారు, ఇంకో నలుగురు స్నేహితులు. బానిసల్లో ముఖ్యమైన ఆడవేషానికి మాత్రం గుడివాడ నుంచి మాణిక్యంగారిని పిలిపించాం. ఆవిడ చిన్నతనం నుంచీ నాటకాల్లో ఉన్న మనిషి. రిహార్సల్ మొదటిరోజు వచ్చి, మంచినీళ్ళు తాగి, కొంగుతో మొహం తుడుచుకుని అడిగారు.

"మాస్టారూ, నా డైలాగులేవండీ?"

"మీరు మూడుచోట్ల వెక్కి వెక్కి ఏడవాలండి. ఆఖర్న నేను కట్లు తెంపగానే 'ప్రభూ!' అని నా కాళ్ళ మీద పడాలి."

"అంతేనా?"

"అంతేనండి."

"అమ్ముడుపోయింది నేనైతే, మాట్లాడేది మీరా?"

"బానిస మాట్లాడితే ఇంక బానిస ఎలా అవుతుందండీ మాణిక్యంగారూ!" అన్నాను, పిల్లలకి పాఠం చెప్పినట్టు.

ఆవిడ నవ్వారు. "రాణిగా ఏడ్చానండి, దాసిగా ఏడ్చానండి. చీర మారింది గానీ ఏడుపు మారలేదు. మీ చారిత్రక నాటకాల్లో బానిసలంటే ఎప్పుడూ ఇంతే. మూల కూర్చోబెడతారు, హీరో వచ్చేదాకా కదలనివ్వరు. నిజంగా అలా కూర్చునుంటారంటారా?"

"చరిత్రండీ, చరిత్ర!" అన్నాను గంభీరంగా. చరిత్రలో ఎవరు ఎలా కూర్చున్నారో నాకూ తెలీదు. కానీ నాకు రెండు పేజీల స్వాతంత్ర్య ప్రసంగం ఉంది. ఆవిడకి మాటలిస్తే అందులో కోత పడుతుంది. నిండు కుండ తొణకదంటారు. నేను తొణకడానికే నిండిన కుండని.

దివిసీమలో అవనిగడ్డ నాటక పరిషత్తు పోటీలకి మా నాటకం ఎంపికైంది. పరిషత్తంటే ఆషామాషీ కాదు. చుట్టుపక్కల ఊళ్ళన్నీ చాపలు పట్టుకుని దిగిపోతాయి. ఎవరి పాత్ర ఎక్కడ తడబడిందో నాట్లు వేసే ఆడవాళ్ళు కూడా మర్నాడు చేలో నిలబడి చెప్పుకుంటారు. అలాంటి చోట మొట్టమొదటిసారి ఆడబోతున్నాం. ఓడిపోతే బందరు పరువు పోతుందని నా బెంగ. బందరు పరువు మొత్తం నా ఒక్కడి భుజాన ఉందని నాకు ఎవరు చెప్పారో ఇప్పటికీ తెలీదు.

రిహార్సల్స్‌లో బానిసలకి లాగుముడి వేసేవాళ్ళం. ఒక్కసారి లాగితే ఊడిపోయేది. అవనిగడ్డ బయల్దేరే ముందు నాకు వాస్తవికత పూనింది.

"బావా, ఈ ముడి చూస్తే చిన్నపిల్లల ఆటలా ఉంది. మీ పడవల్లో వేసే అసలు ముడి వెయ్యి. కొబ్బరి తాడుతో."

"అది గాలివానకే ఊడదు బావా," అన్నాడు నాంచారయ్య.

"అదే కావాలి."

"ఊడదీయడం నేర్చుకుంటావా మరి?"

బస్సులో కూర్చుని, కండక్టరు సంచీ తాడుకి ముడి వేసి ఒకసారి చూపించాడు. "ఇదిగో, ఈ కొస లోపలికి నెట్టాలి. నెట్టాక వదులవుద్ది. అప్పుడు లాగాలి. ముందే లాగావో, అంతే సంగతులు. మళ్ళీ చూపించనా?"

"అక్కర్లేదోయ్. ప్రపంచ పటం కళ్ళు మూసుకుని గీసేవాణ్ణి, నాకు ముడి ఒక లెక్కా!"

అక్కడితో ఆగినా బాగుండేది. స్టేజీ వెనక నిలబడి, తాడు ఓడ తాడులా కనబడాలని దాని మీద బిందెడు నీళ్ళు కూడా పోశాను. నాంచారయ్య నెత్తి కొట్టుకున్నాడు. "తడిస్తే ఇంకా బిగుసుకుంటది బావా!" అన్నాడు. "వాస్తవికత!" అన్నాను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. అడుసు లేకపోతే నీళ్ళు పోసి కలుపుకుని మరీ తొక్కే రకం నేను.

పొద్దుగూకగానే మాదే మొదటి నాటకం. తెర లేచింది. ఒకే పొడవాటి తాడుకి చేతులు కట్టేసి, వరసగా కూర్చున్న ఆరుగురు బానిసలు. ముందు మాణిక్యంగారు, చివర కొండలాంటి డ్రిల్లు మాస్టారు. మధ్యలో టోపీ పెట్టుకుని నాంచారయ్య. మొహానికి పట్టించిన పౌడరు చెమటకి కారిపోయి, సగం తెల్లదొర, సగం నాంచారయ్యలా ఉన్నాడు. మాణిక్యంగారు మొదటిసారి ఏడ్చేసరికే ముందు చాపల మీద ఆడవాళ్ళు కొంగులు తీశారు. నేను లోపలినుంచి చూసి, 'ఇప్పుడే ఇలా ఉంటే, నేను వెళ్ళాక ఏమైపోతారో!' అని జాలిపడ్డాను.

వెళ్ళాను. "ఓరీ పరదేశీ! నా జాతి జనులను పశువుల వలె విక్రయించెదవా!" అని గర్జించి, అట్టకత్తితో నాంచారయ్యని ఒక్క పోటు పొడిచాను. పాపం, చక్కగా చచ్చాడు. చప్పట్లు మోగాయి. నేను మాణిక్యంగారి ముందు మోకాలి మీద కూర్చుని, "తల్లీ! ఇదిగో, తెగిపోయెను నీ దాస్య శృంఖలము!" అని తాడు లాగాను.

తెగిపోలేదు. ఊడిపోలేదు. ఒక కొస లోపలికి నెట్టాలన్నాడు, నిజమే. ఏ కొస? నాకు రెండు కొసలూ కవల పిల్లల్లా కనిపించాయి. ఇంకోసారి లాగాను.

"మాస్టారూ, చెయ్యి నలిగిపోతోందండీ," అన్నారు మాణిక్యంగారు, ఏడుపు మధ్యలో గొంతు తగ్గించి. ఆ ఏడుపులో నటన ఎంతో, నొప్పి ఎంతో నాకు అంతు పట్టలేదు.

చూడండి నా దురదృష్టం. ఆ ముడి విప్పడం తెలిసిన మనిషి ఆ స్టేజీ మీద ఒక్కడే ఉన్నాడు. వాణ్ణి నేను అప్పుడే చంపాను.

శవం పక్కకి జరిగాను. "నీచుడా! చచ్చితివా!" అని గట్టిగా అని, మెల్లగా, "బావా, ఏ కొస?" అన్నాను.

శవం కళ్ళు తెరవకుండా పెదాలు కదిపింది. "ఎడమది. లోపలికి నెట్టు."

"నా ఎడమా, ఆవిడ ఎడమా?"

"లాగావా ఏంటి?"

"రెండుసార్లు లాగాను."

"అయితే నెట్టినా ఊడదు. పళ్ళతో కొరికి వదులు చెయ్యాలి."

ముందు వరసలో ఒక పిల్ల లేచి నిలబడింది. "అమ్మా, చచ్చినోడు మాట్లాడుతున్నాడే!"

"ఆత్మ అయ్యుంటదిలే, కూర్చో," అంది వాళ్ళమ్మ.

పోనీ తెర దించేద్దామా అంటే, నేను చెయ్యెత్తి 'స్వేచ్ఛ!' అని అరిచేదాకా దించావంటే ఊరుకోనని తెర లాగే అతన్ని నేనే బెదిరించి వచ్చాను. వీళ్ళ కట్లు విప్పకుండా స్వేచ్ఛ అని ఎలా అరవను? ఇక ఆవేశంతో లేచి, తాడు మధ్యలో రెండు చేతులతో పట్టుకుని, మన కవ్వపు తాడులా అటొక గుంజు, ఇటొక గుంజు గుంజాను. ఆ చివర డ్రిల్లు మాస్టారు పక్కకి ఒరిగారు. ఆయన ఒరిగారంటే మిగతావాళ్ళు నిలుస్తారా? గాలికి పడిన వరి పనల్లా ఒకరి మీద ఒకరు వాలిపోయారు. ఆ ఊపులో తాడు నా చీలమండ చుట్టూ మెలేసుకుంది. రణధీరుడు దబ్బున పడ్డాడు. అట్టకత్తి నా కిందపడి మడతపెట్టిన చాపలా అయింది. నేను లేవబోయినకొద్దీ తాడు బిగుస్తోంది. జనంలో గుసగుసలు మొదలై, నవ్వులై, ఈలలయ్యాయి. నా చెవుల్లో సముద్రం హోరు. బందరు పరువు కళ్ళముందే మునిగిపోతోంది.

అప్పుడు మాణిక్యంగారు లేచి కూర్చున్నారు. ఏడుపు ఆపేశారు. కట్టేసిన చేతులు రెండూ పైకెత్తి జనానికి చూపించారు. ఈలలు ఒక్కసారిగా ఆగిపోయాయి.

"ఎవరో వస్తారు, విప్పుతారు అని ఓడ కనబడేదాకా కూర్చున్నాం," అన్నారు. ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. గట్టిగా లేదు, కానీ చివరి చాప దాకా వెళ్ళింది. "వచ్చినాయనా మనతోపాటే పడ్డాడు. ఇంక చాలు. నా ముడి నాకు అందదు, మీ ముడి మీకు అందదు. నీది నేను విప్పుతా. నువ్వు పక్కవాళ్ళది విప్పు. ఇలా ఇవ్వు చెయ్యి."

పక్కతని చేతులు అందుకుని, ముడిని పళ్ళతో పట్టుకున్నారు. శవం చెప్పినదంతా ఆవిడ విన్నారన్నమాట. జనంలోంచి ఒకావిడ లేచి, "కొరుకమ్మా! కొరుకు!" అని కేక పెట్టింది. ఇంకో పదిమంది అందుకున్నారు. ముడి వదులైంది. అతను మాణిక్యంగారి ముడి పట్టాడు. ఆవిడ చేతులు ఊడాయి. ఎర్రగా కమిలిపోయిన మణికట్లు ఒకసారి చూసుకుని, తర్వాతి మనిషి దగ్గరికి జరిగారు. అలా ఒకరికొకరు విప్పుకుంటూ పోయారు. నేను కింద పడున్నవాణ్ణి పడున్నట్టే మర్చిపోయి చూస్తున్నాను. లైబ్రరీలో ఆ పుస్తకం చదివిన రోజు నా ఒళ్ళు ఎలా జలదరించిందో, మళ్ళీ అలాగే జలదరించింది. నేను రాయాలనుకున్న నాటకం ఇదే. నేను రాసింది మాత్రం ఇది కాదు.

ఆ ఆవేశంలోనే నా రెండు పేజీలు గుర్తొచ్చాయి. పడుకునే మొదలుపెట్టాను. "సోదరీ సోదరులారా! ఏ జాతి అయినను..."

"మాటలు తర్వాత, బాబూ," అన్నారు మాణిక్యంగారు. "ముందు కాలెత్తండి."

అవనిగడ్డ మొత్తం నవ్వింది. శవం కూడా కడుపు పట్టుకుని నవ్వింది. ఆరుగురు బానిసలూ చుట్టూ చేరి రణధీరుణ్ణి విడిపించారు. మాణిక్యంగారే నా చెయ్యి పట్టుకుని పైకెత్తి, "స్వేచ్ఛ!" అన్నారు. తెర పడింది. చప్పట్లు మాత్రం చాలాసేపు ఆగలేదు.

బహుమతుల రోజు న్యాయనిర్ణేతల్లో ఒక పెద్దాయన మైకు అందుకున్నారు. "చారిత్రక నాటకాల్లో బానిసల్ని ఇన్నాళ్ళూ బొమ్మల్లా చూశాం. వీరుడు వస్తాడు, విడిపిస్తాడు, వాళ్ళు దండం పెడతారు. ఈ నాటకంలో వీరుడే చిక్కుకున్నాడు, బానిసలే ఒకరినొకరు విడిపించుకుని అతన్నీ విడిపించారు. ఎంత గొప్ప ఆలోచనండీ! రచయిత ఎవరు?"

నేను లేచి, "అయ్యా, ఆ మాటలు నేను రాయలేదండీ. మాణిక్యంగారు అప్పటికప్పుడు అన్నవి," అన్నాను.

"చూశారా వినయం!" అన్నారాయన. జనం ఇంకా గట్టిగా చప్పట్లు కొట్టారు. నిజం చెబితే నమ్మకపోవడం అంటే ఇదే.

ఉత్తమ నటి మాణిక్యంగారు. అన్ని నాటకాలాడినా ఆవిడకి అదే మొదటి బహుమతి. తీసుకునేటప్పుడు ఆవిడ ఏడుస్తారేమో అనుకున్నాను. ఏడవలేదు. తలెత్తి నవ్వుతూ నిలబడ్డారు. ఆ క్షణాన నేను గర్వపడినంతగా, సొంతంగా బహుమతి కొట్టినా గర్వపడి ఉండేవాణ్ణి కాను. నాంచారయ్య నా వీపు మీద ఒక్కటి చరిచి, "మన బందరు రేవు కథ బావా! దివిసీమ గెలిపించింది!" అన్నాడు. ఆ తర్వాత ఘంటసాలలో, గూడూరులో, ఇంకా ఎన్నో ఊళ్ళలో ఆ నాటకం మాణిక్యంగారి మాటలతోనే ఆడాం. నా రెండు పేజీల ప్రసంగం ఎక్కడా ఎవరూ అడగలేదు.

ఆ పరిషత్తులో చివరగా నా పేరు కూడా పిలిచారు. నాకూ ఒక షీల్డు ఇచ్చారు. దాన్ని ఇంటికి తెచ్చి మా ఆవిడ చేతిలో పెట్టాను. ఆవిడ వెలుగులోకి తిప్పి, పైకి చదివింది.

"ఉత్తమ హాస్యనటుడు."

నేను ఏదో సర్దిచెప్పబోయాను. ఆవిడ షీల్డుని కొంగుతో తుడిచి, టీవీ మీద నిలబెట్టి, "పోన్లెండి, ఇన్నాళ్ళకి ఎవరో ఒకరు గుర్తించారు," అంది.

ఆ రోజే స్నానం చేసి, మడి కట్టుకుని, కర్పూరం వెలిగించి ప్రమాణం చేశాను. ఈ జన్మలో మళ్ళీ ఎవరికీ స్వాతంత్ర్యం ఇవ్వను. కావలసినవాళ్ళు తీసుకోవచ్చు.