అరటిదొప్ప పడవలకు వచ్చిన మెమో

నా సంజాయిషీకి ఇప్పటిదాకా ఎవరూ జవాబివ్వలేదు. అమలాపురం ఆఫీసుకి ఎన్నిసార్లు వెళ్లినా "చూస్తాం మాస్టారూ, కూర్చోండి" అన్నారు. కూర్చోబెట్టారు, చూడలేదు. అందుకే ఇక్కడ రాస్తున్నాను.

కరోనా తర్వాత బడులు తెరిచిన ఏడాది నన్ను కొత్తపేట దగ్గర గోదావరి పాయల మధ్యనున్న ఒక లంక ఊరి ప్రాథమిక పాఠశాలకు బదిలీ చేశారు. సెకండరీ గ్రేడ్ టీచరుగా ఒకటో తరగతి నాది. అక్కడి పిల్లలు మధ్యాహ్న భోజనం కాగానే కంచం కడిగి ఇంటికి జారుకునేవారు. అందరికన్నా ముందు వెళ్లేది సుశీల. తల్లి కువైట్‌లో పని చేస్తుంది. మామ్మ పొద్దున్నే కొబ్బరికాయల ఒలుపుకి పోతుంది. ఇంట్లో ఎవరూ ఉండరు, ఇంటి వెనకే కాలువ.

అందుకని భోజనం తర్వాతి పీరియడ్‌లో పడవలు మొదలుపెట్టాను. గెల కొట్టేసిన అరటిబోదె నుంచి దొప్ప ఊడదీసి, జానెడు ముక్కలు కోసి ఇచ్చేవాణ్ణి. కోయడం నా పని. రెండు చివరలూ మడిచి కొబ్బరి ఈనెతో గుచ్చడం, బాదం ఆకుని తెరచాపగా నిలబెట్టడం పిల్లల పని. కాలువ దగ్గరికి ఎప్పుడూ తీసుకెళ్లలేదు. బోరింగు పక్కనున్న సిమెంటు తొట్టిలోనే వదిలేవాళ్లం. గులకరాళ్లే ప్రయాణికులు. ఒక్కొక్కటే వేస్తే కూడిక, తీస్తే తీసివేత.

"మాస్టారండీ, ఈడి పడవ ఒరిగిపోతందండి!"

"ఆళ్ల లావు మావయ్యని ఎక్కించేడండి," అంది సుశీల.

ఆ పిల్ల సాయంత్రం గంట కొట్టేదాకా ఉండడం అదే మొదలు. తర్వాత రోజూ ఉంది.

కార్తీకం వెళ్లి పోలి పాడ్యమి వచ్చింది. ఆ తెల్లవారుజామున మా వైపు ఆడవాళ్లు అరటిదొప్పల్లో దీపాలు పెట్టి కాలువలో వదులుతారు. ఆ మధ్యాహ్నమే తనిఖీ అధికారి వచ్చేరు. తొట్టి చూసి, "బళ్లో పూజలేంటండీ?" అన్నారు. అందులో దీపమే లేదని, పైగా నేను ఆదివారం చర్చికి వెళ్లేవాణ్ణని చెప్పాను.

"అయితే ఇంకా గొడవండి. దీపాల పండగతో ఆటలాడించేరంటారు."

పూజ అయినా తప్పే, ఆట అయినా తప్పే. మెమో వచ్చింది. మెమో అంటే శిక్ష కాదు, సంజాయిషీ అడగడం. కానీ నా జవాబు చదవకముందే తొట్టి ఖాళీ చేయించి బోర్లించారు, నాకు ఐదో తరగతి ఇచ్చారు. నా పదవీ విరమణ సభలో అదే అధికారి నన్ను "పడవల మాస్టారు" అన్నారు. అందరూ నవ్వేరు. ఎవరెవరు నవ్వేరో నాకు గుర్తుంది.

తొట్టి బోర్లించాక సుశీల మళ్లీ కంచం కడిగి వెళ్లిపోవడం మొదలుపెట్టింది. కొన్నాళ్లకి భోజనానికి కూడా రావడం మానేసింది. ఇంటికి వెళ్లి అడిగితే మామ్మ, "తొట్టి తీసేసేరంట కదండీ, రానంటందండి" అంది. ఇప్పుడా పిల్ల మామ్మ వెనకాలే ఒలుపు దగ్గరికి పోతోంది, పీచు కుప్ప చేస్తోంది.

ఈ ఉద్యోగంలో నాకు తెలిసిందిది: తొట్టిలో ఏముందో తనిఖీ చేస్తారు, బడిలో పిల్ల ఉందో లేదో చేయరు. మెమో రద్దు చేయమని నేను అడగడం లేదు. అడిగి లాభం లేదు. సుశీల బడికి ఎందుకు రావడం లేదో మాత్రం, ఆ తొట్టి బోర్లించమన్నవారు సంతకం పెట్టి నాకు చెప్పాలి.